అధ్యక్షా!

శాసనసభ ప్రత్యక్ష ప్రసారం చూసే తెలుగువాళ్లకు 'అధ్యక్షా' అన్న పిలుపు ఊతపదంలా వినిపిస్తుంది, ఒక్కోసారి నవ్వు కూడా తెప్పిస్తుంది. ప్రతి రెండో వాక్యానికీ దాన్ని తగిలించి ఎదుటి పార్టీని కడిగేస్తుంటారు. కానీ ఆ మాట ఊరికే పుట్టలేదు. తిట్టదలుచుకున్నవాడు కూడా ముఖం అధ్యక్షస్థానం వైపు తిప్పి తిట్టాలి. ఆ తిప్పడంలోనే సగం వేడి చల్లారుతుంది. మున్సిపల్ కౌన్సిల్ హాల్లో చాలాచోట్ల ఆ కాస్త అడ్డు కూడా ఉండదు. ఒక వార్డు సభ్యుడు నేరుగా పక్క వార్డు సభ్యుడి మీదికి లేస్తాడు. కాసేపట్లో అందరూ పోడియం దగ్గర తేలతారు. ఎవరు ఏమంటున్నారో తెలియని గోలలో అజెండా మొత్తం 'ఆమోదం' పొందుతుంది.

ఇలాంటి గోలలోనే ఒక యువ ఇంజినీరు తలవంపుల పాలయ్యాడు. పేరు హెన్రీ మార్టిన్ రాబర్ట్, అమెరికా సైన్యంలో అధికారి. 1863లో మసాచుసెట్స్ రాష్ట్రం న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలోని చర్చిలో ఒక సమావేశానికి అధ్యక్షత వహించమన్నారు. సరేనని కూర్చున్నాడు. సభ చెయ్యి దాటిపోయింది. ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. ఆ తర్వాత సభా నియమాలు కొన్ని కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకు తిరిగాడు. 1867లో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తే మరో చిక్కు ఎదురైంది. నానా రాష్ట్రాల నుంచి వచ్చిన జనం అక్కడ ఉన్నారు, ఎవరి ఊరి పద్ధతి వాళ్లకు వేదం. సభలో విషయం కంటే పద్ధతి మీదే తగువులు. చివరికి తనే పుస్తకం రాశాడు. 1876లో సొంత ఖర్చుతో 4,000 ప్రతులు వేయించాడు. కొద్ది నెలల్లోనే అయిపోయాయి. 'రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్' పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. 12వ కూర్పు 2020లో వచ్చింది.

అందులోని ముఖ్యమైన సంగతులు మనవాళ్లకు కొత్తవేం కావు. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. ఒక సమయంలో ఒకే ప్రశ్న. దానికి సవరణ ఉంటే ముందు సవరణ సంగతి తేల్చాలి. ఒకే అంశం మీద ఒకే మనిషి పదేపదే లేవకూడదు, లేవనివాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలి. తీర్మానాన్ని ఎంత ఘాటుగానైనా ఖండించవచ్చు కానీ తెచ్చినవాడి ఉద్దేశాల జోలికి పోకూడదు. మర్యాద కోసం రాసినట్టు కనిపించే ఈ నియమాల అసలు పని వేరు. సభ దేని గురించి మాట్లాడుతోందో ఎవరూ మరచిపోకుండా చూడడం వాటి పని.

మర్యాదకూ క్రమానికీ ఉన్న తేడా ఇంగ్లండ్‌లోని హ్యాండ్‌ఫోర్త్ అనే చిన్న ఊరు లోకానికి చూపించింది. 2020 డిసెంబరు 10న అక్కడి పారిష్ కౌన్సిల్, అంటే ఊరి పాలకమండలి, వాళ్లు జూమ్‌లో కలిశారు. సమావేశం నడపడానికి వచ్చిన అధికారిణి జాకీ వీవర్, అడ్డుపడుతున్న ఛైర్మన్‌ను నవ్వు చెదరకుండా సమావేశం నుంచి బయటికి పంపేసింది. మరో సభ్యుడు నిబంధనలు చదివి అర్థం చేసుకోమని గావుకేకలు పెట్టాడు. 2021 ఫిబ్రవరిలో ఆ వీడియో ఊరూరా తిరిగింది. ఆమె రాత్రికి రాత్రి తార అయింది, కేకలు పెట్టినాయన నవ్వులపాలయ్యాడు. తర్వాత జరిగిన విచారణ మాత్రం ఆమె అలా చేయడాన్ని అర్థం చేసుకోగలమంటూనే, బయటికి పంపే అధికారం ఆమెకు లేదని తేల్చింది. ఆ అధికారం సంగతిలో ఒప్పు, చూసినవాళ్లు నవ్వుకున్న ఆ పక్షానిదే! నెమ్మదైన గొంతుకు అధికారం దానంతట అదే వచ్చేస్తుందని మనం ఎంత తేలిగ్గా నమ్ముతామో.

రాబర్ట్ భంగపడ్డ మసాచుసెట్స్‌లోనే సౌత్‌బరో అనే మరో పట్టణం ఉంది. అక్కడ సభలో జనం కూడా మాట్లాడవచ్చు. మన కౌన్సిళ్లలో సాధారణంగా లేని సౌకర్యం ఇది. కానీ గౌరవంగా, మర్యాదగా మాట్లాడాలని పాలకమండలి నిబంధన పెట్టుకుంది. 2018 డిసెంబరులో ఒక మహిళ లేచి, బహిరంగ సమావేశాల చట్టాన్ని మీరే ఉల్లంఘించారని నిలదీసింది. అధ్యక్షుడు ఆపబోతే ఆయన్ను హిట్లర్‌తో పోల్చింది. ఆయన సభకు విరామం ప్రకటించి, ఆమె మీద అరిచి, బయటికి పంపిస్తానని బెదిరించాడు. వ్యవహారం రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 2023 మార్చిలో తీర్పు వచ్చింది. ఎప్పుడు మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడాలో సభ నిర్ణయించవచ్చు, సభను సాగనివ్వకపోతే ఆపవచ్చు, కానీ మర్యాదగా మాట్లాడితేనే మాట్లాడనిస్తామని అనడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధం అంది కోర్టు. ఆ రాజ్యాంగం 1780 నాటిది. దాన్ని రాసుకున్న తరం మూడో జార్జి రాజును ఏమంత మర్యాదగా సంబోధించలేదని కూడా న్యాయమూర్తులు గుర్తుచేశారు. హిట్లర్ పోలిక అన్యాయమే కావచ్చు. కానీ ఆమెకిచ్చిన నిమిషాలు ఆమెవి.

ఈ కాలమ్ రాసే మనిషి ఒకప్పుడు ఒక చిన్న మున్సిపాలిటీలో విలేకరుల బెంచీ మీద కూర్చునేవాడు. అక్కడి ఛైర్మన్ ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు, గంట కొట్టేవాడూ కాదు. ఎవరైనా ఊగిపోతూ లేస్తే కళ్లజోడు పైకి తోసి, "ఎన్నో నంబరు అంశమండీ?" అని అడిగేవాడు. ఒకరోజు డ్రెయినేజీ మీద నిప్పులు కక్కుతూ లేచిన సభ్యుడికి కూడా అదే ప్రశ్న పడింది. ఆయన తిట్లు ఆపి, అజెండా కాగితాలు తిరగేసి, పక్కాయన్ను అడిగి, వేలితో వరసలు వెతికాడు. హాలంతా ఎదురుచూసింది. కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు. "పదకొండు, అధ్యక్షా" అన్నాడు చివరికి, మామూలు గొంతుతో. "మనం నాలుగులో ఉన్నాం. పదకొండు రాగానే మొదటి మాట మీదే" అన్నాడు ఛైర్మన్. ఆ సభ్యుడు కూర్చున్నాడు. కానీ కాగితం మడవలేదు. పదకొండో నంబరు మీద వేలు పెట్టి అలాగే ఉంచుకున్నాడు.