కడపటివానికి తొలి ఎంపిక

అమెరికా దేశమున వృత్తి ఫుట్‌బాల్ క్రీడను అభిమానించువారికి ఆటలు లేని వసంతకాలమున వచ్చు పండుగ యొకటి కలదు. నాడు బంతి యెగురదు, మైదానమున నెవ్వరును పరుగెత్తరు. 32 జట్లవారు కళాశాలల నుండి వెలువడు యువ క్రీడాకారులను వరుసక్రమమున నొక్కొక్కరినిగా నెన్నుకొనుచుండ, ఆ పేరులను వినుటకే లక్షలాది జనులు రాత్రి పొద్దుపోవువరకు టెలివిజన్ ముందు కూర్చుందురు. దీనినే డ్రాఫ్టు అందురు. ఆటకంటెను మిక్కుటమైన ఆసక్తితో ఏటేట నేను దీనిని అనుసరించుటకు కారణము దాని మూలసూత్రము: క్రిందటి యేడు అందరికంటె హీనముగా నాడిన జట్టునకు అందరికంటె ముందుగా నెన్నుకొను హక్కు, విజేతకు చిట్టచివరి వంతు. ఉన్నవానికే మరింత చేరుట వాడుకయైన వ్యాపారలోకమున ఇట్టి నియమము పుట్టుట వింత. తొమ్మిది దశాబ్దములు నిలుచుట మరింత వింత.

ఈ నియమమునకు మూలపురుషుడు ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్. ఆర్థికమాంద్యపు దినములలో ఆయన జట్టు ఓటమిపై ఓటమి చవిచూచుచుండగా, కళాశాలల మేటి ఆటగాండ్రందరును పేరును ధనమును గల షికాగో, న్యూయార్కు జట్లకే పోవుచుండిరి. 1935లో ఆయన తోడి యజమానుల యెదుట తన ప్రతిపాదనను ఉంచినపుడు, దానివలన ఎక్కువ నష్టపోవలసిన షికాగో బేర్స్ అధిపతి జార్జి హాలస్, న్యూయార్కు జెయింట్స్ అధిపతి టిమ్ మారా సైతము సమ్మతించిరి. బలహీనులపై బలవంతులే నిత్యమును గెలుచు పోటీని చూడవచ్చువారెవ్వరును ఉండరని గ్రహించిన వారి దూరదృష్టిని నేను మనసార మెచ్చుకొందును. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటలులో 90 పేర్లను నల్లబల్లపై వ్రాసిపెట్టుకొని, తొమ్మిది జట్లవారు 81 మందిని ఎన్నుకొనిరి. మొట్టమొదట ఎన్నికైన జే బెర్వాంగర్ వృత్తి క్రీడలో ఒక్క ఆటయైనను ఆడక వేరు బ్రదుకుతెరువు చూచుకొనెను. నాటి ఫుట్‌బాల్ జీతములు అట్టివి.

నేటి డ్రాఫ్టు ఏడు రౌండ్లుగా మూడు దినములు సాగును. వంతు రాగానే జట్టునకు గడియారము మొదలగును. తొలి రౌండున పూర్వము 15 నిమిషములుండిన గడువును 2008లో 10 నిమిషములకు తగ్గించిరి. ఆ కొద్దిసేపటిలో పేరు చెప్పుటయే కాక, ఆ వంతును మరియొక జట్టునకు విడిచి, బదులుగా క్రింది వంతులను రెండు మూడింటిని, రాబోవు ఏటి వంతులను సైతము పుచ్చుకొనవచ్చును. ఈ విద్యలోని సూక్ష్మమంతయు ఈ బేరమునందే కలదు. 1989లో డల్లాస్ కౌబాయ్స్ జట్టు హెర్షెల్ వాకర్ అను తన ఏకైక మేటి ఆటగానిని మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చి, పలువురు ఆటగాండ్రతోపాటు అనేక డ్రాఫ్టు వంతులను రాబట్టెను. అటుపిమ్మట శిక్షకుడు జిమ్మీ జాన్సన్ ప్రతి వంతునకును విలువ కట్టిన పట్టిక యొకటి సిద్ధపరచుకొనెను: మొదటిదానికి 3,000, రెండవదానికి 2,600, పదునారవదానికి 1,000, ఈ రీతిగా. ఎదుటివారు గుండెధైర్యముతో బేరమాడుచుండ ఆయన అంకెలతో ఆడెను. 1989లో ఒక్క ఆట మాత్రమే గెలిచిన ఆ జట్టు 1993, 1994 సంవత్సరముల జనవరి మాసములలో ఏటి తుదిపోటీలైన సూపర్ బౌల్‌లను వరుసగా రెండింటిని గెలుచుకొనెను.

అయితే ఎన్ని వంతులున్నను, ఎవరిని ఎన్నుకొనవలయునో తెలియనివానికి అవి నిష్ప్రయోజనములు. ఇచ్చట యువ క్రీడాకారులను వెదకి పరిశీలించు స్కౌట్ల ప్రజ్ఞ కావలసివచ్చును. వీరిలో నాకు పరమపూజ్యుడు బిల్ నన్. ఆయన పిట్స్‌బర్గ్ కూరియర్ అను నల్లజాతివారి పత్రికలో పనిచేయుచు, పెద్ద విశ్వవిద్యాలయముల వెలుగులో కనబడక మరుగుపడిన నల్లవారి కళాశాలల క్రీడాకారులను ఏటేట పరిశీలించి మేటివారి జాబితాను ప్రకటించుచుండెను. ఆ కళాశాలల శిక్షకులకు ఆయన ఇంటివానివంటివాడు. 1960ల చివర పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆయనను తమవానిగా చేసికొనిరి. అలబామా ఏ అండ్ ఎమ్ కళాశాలలో జాన్ స్టాల్‌వర్త్ అను యువకుని పరీక్షింప వచ్చిన స్కౌట్లందరును తడిసిన నేలపై అతని పరుగును గడియారముతో కొలిచి, వేగము చాలదని వ్రాసికొని వెడలిపోయిరట. నన్ మాత్రము ఒంటిలో నలతయని చెప్పి అచ్చటనే ఆగి, నేల ఆరిన పిదప అతనిని మరల పరుగెత్తించి, అసలు వేగమును తెలిసికొని, ఆ రహస్యమును తన జట్టువారికే అందించెనని స్టీలర్స్ అభిమానులు నేటికిని చెప్పుకొందురు. 1974 డ్రాఫ్టులో ఆ జట్టువారు లిన్ స్వాన్, జాక్ లాంబర్ట్, స్టాల్‌వర్త్, మైక్ వెబ్‌స్టర్ అను నలువురిని ఎన్నుకొనగా నలువురును ఫుట్‌బాల్ కీర్తిమందిరమున (హాల్ ఆఫ్ ఫేమ్) స్థానము పొందిరి. డ్రాఫ్టులో ఎవ్వరును పేరు పిలువని డానీ షెల్ సైతము ఆ యేడే ఆ జట్టున చేరి కాలక్రమమున ఆ మందిరమునకే ఎక్కెను. నన్‌కు ఆ గౌరవము 2021లో, మరణానంతరము గాని లభింపలేదు. ఇంత ఆలస్యమేలయని నా మనస్సు నేటికిని నొచ్చుచుండును.

నేడు ఇండియానాపోలిస్‌లో ఏటేట జరుగు సామూహిక పరీక్షలో 40 గజముల పరుగును సెకనులో నూరవ వంతువరకు లెక్కింతురు. 225 పౌండ్ల బరువును ఎన్ని మారులెత్తగలరో చూతురు. ఎత్తు, చేతుల పొడవు, అరచేతుల వెడల్పు గూడ కొలుతురు. ఇవి వ్యర్థములని నేననను. కాని 2000లో టామ్ బ్రేడీ ఆ 40 గజములను 5.28 సెకనులలో ఈడ్చుకొనుచు పరుగెత్తుటచే, అతనివలెనే బంతిని విసరి ఆటను నడుపు క్వార్టర్‌బ్యాక్‌లు ఆరుగురు అతనికి ముందు ఎన్నికైరి. ఆరవ రౌండున, 199వ వాడుగా ఎన్నికైన అతడే తుదకు ఏడు సూపర్ బౌల్‌లు గెలిచెను. పదిమంది మీద పడవచ్చుచున్నను బంతిని ఎవరికి విసరవలెనో చెదరక నిర్ణయించు బుద్ధిని ఏ గడియారము కొలువగలదు?

ఈ క్వార్టర్‌బ్యాక్ వ్యామోహమే జట్ల యజమానులకు పట్టిన పెద్ద రోగమని నా నిశ్చితాభిప్రాయము. 1998లో మొదటి వంతున పేటన్ మానింగ్‌ను, రెండవ వంతున రయన్ లీఫ్‌ను ఎన్నుకొనిరి. మొదటివాడు ఆ క్రీడకే అలంకారము కాగా, మూడు వంతులిచ్చి తెచ్చుకొన్న రెండవవాడు కొద్ది యేండ్లలో కనుమరుగాయెను. ఒక్కని కొరకు భవిష్యత్తునంతయు కుదువబెట్టుటకంటె, వెనుకకు జరిగి, వంతులను పెంచుకొని, క్వార్టర్‌బ్యాక్‌ను కాచు లైన్‌మెన్‌ను ముందు కూర్చుకొనుట వివేకము. నోబెల్ బహుమానగ్రహీత రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అను పండితునితో కలిసి లెక్కలు తీసి, జట్లు తొలి వంతులకు మితిమీరిన వెల కట్టుచున్నవని తేల్చెను గనుక ఇది వట్టి అభిమాని మాట కాదు.

కడపటివానికి తొలి ఎంపికయను ఈ నియమమే బాస్కెట్‌బాల్‌లో వక్రమార్గము పట్టెను. ఐదుగురు మాత్రమే ఆడు ఆటలో ఒక్క మేటివాడు జట్టు గతినే మార్చును గనుక, తొలి వంతు కొరకు కావలెనని ఓడిపోవు దురాలోచన పుట్టి, దానిని వారించుటకు 1985 నుండి చీట్లు తీయు పద్ధతి నెలకొల్పిరి. అయినను ఫిలడెల్ఫియా జట్టు 2015-16లో 82 ఆటలలో 72 ఓడి, ఆ దారిని విడువలేదు. టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకుని ఎదుట ఓటమిని కోరి ఆడించుట అపచారము. దానిని నేను ఎన్నడును సమర్థింపను.

డ్రాఫ్టుపై నిజమైన ఆక్షేపణ మరియొకటి కలదు. చదువు ముగించిన ఏ యువకుడైనను తనకు నచ్చినచోట పని వెదకికొనునే. ఆటగాడు మాత్రము తన్ను పిలిచిన ఊరికే ఏల పోవలయును? 1983లో జాన్ ఎల్వే బాల్టిమోర్‌లో ఆడనని మొండికెత్తి డెన్వర్ చేరెను. అతనికి బేస్‌బాల్ అను వేరొక దారి యుండుటచే అది సాధ్యమాయెను. ఏ దారియు లేనివాడు తలయొగ్గక తప్పదు. ఈ కట్టుబాటు కొద్దియేండ్లకే పరిమితమై, పిదప స్వేచ్ఛ లభించుటచే నేను దీనిని సహింతును. జీవితాంతము సాగినచో సహింపను.

మన ఐపీఎల్ వేలమును ఎరిగిన తెలుగు పాఠకునకు ఇది పరాయి విషయము కాదు. అచ్చట జట్లన్నిటికిని ఖర్చు పరిమితి ఒక్కటే గనుక అదియు ఒకవిధమైన సమత్వమే; 2008లో అట్టడుగున నిలిచిన మన డెక్కన్ చార్జర్స్ మరుసటి యేడే విజేతలగుట అందరికిని తెలిసినదే. పెద్దవారి విషయమున వేలము నాకు సమ్మతము. కాని 2024 నవంబరున పదమూడేండ్ల బాలునికి అందరి యెదుట 1.10 కోట్ల రూపాయల ధర పలుకుట నాకు నచ్చలేదు. 2008లో అండర్-19 కుర్రవాండ్రను వేలమున నిలుపక డ్రాఫ్టు పద్ధతిననే పంచిరి; ఢిల్లీవారు తమ యూరి విరాట్ కోహ్లిని వదలి ప్రదీప్ సంగ్వాన్‌ను కోరుకొనగా, కోహ్లి బెంగుళూరుకు దక్కెను. పందొమ్మిదేండ్లు నిండనివారికి ఆ పద్ధతినే, జీతమును ముందుగా నిర్ణయించి, తిరిగి ప్రవేశపెట్టవలెనని నా కోరిక. దానితోపాటు ప్రతి జట్టును జిల్లాల చిన్న మైదానములకు బిల్ నన్ వంటి పరిశీలకులను నలువురినైన పంపవలెను.