కోయిలకుంట్ల గుమ్మానికి ఒక దయ్యం కథ

విక్టోరియా కాలపు దయ్యం కథ అనగానే పొగమంచు, పాడుబడ్డ మేడ, కొవ్వొత్తి, కిర్రుమనే తలుపు కళ్లముందు కదులుతాయి. అదంతా సరంజామా. దాన్ని పక్కకు నెట్టి చూస్తే ఆ కథల్లో గట్టిగా నిలబడేది ఒక్కటే. ఎప్పుడో ఒక అన్యాయం జరిగింది, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు, చెప్పేదాకా అది ఆ చోటు వదిలి పోదు. ఆ కథలకు ప్రాణం ఇదే అయితే, వాటికోసం ఇంగ్లాండు దాకా పోనక్కర్లేదు. మన పిల్లలకు, ముఖ్యంగా ఎనిమిది నుంచి పది తరగతుల వయసు వాళ్లకు, రేనాటి సంజామల చుట్టుపక్కల చరిత్రే కావలసినంత ముడిసరుకు ఇస్తుంది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ రేనాట్లో తెలియనివాళ్లు లేరు. 2019లో సినిమా వచ్చాక బయటివాళ్లకూ తెలిసింది. పాలెగాళ్ల వారసుడికి రావలసిన తవర్జీ (భరణం) దగ్గర మొదలైన తగాదా 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడిదాకా వెళ్లింది. అక్టోబరులో ఆయన కుంఫిణీ వాళ్లకు చిక్కింది పేరుసోమల కొండల్లో, జగన్నాథాలయం దగ్గర. ఆ పేరుసోమల ఇప్పటి సంజామల మండలంలోదే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. తరువాత తలను కోటగుమ్మానికి వేలాడదీసి 1877 దాకా అక్కడే ఉంచారు. వీరగాథకు ఉరికంబంతో పని తీరిపోతుంది. దయ్యం కథకు మాత్రం అసలు పని ఆ తరువాతి ముప్పయ్యేళ్లలోనే ఉంది. ఉరితీసిన ఏడు పుట్టిన పిల్ల పెరిగి, పెళ్లయి, తన పిల్లల్ని చంకనేసుకుని ఆ దారినే నడిచే కాలమది. ఈ మధ్యలో కుంఫిణీ పోయి రాణి పాలన వచ్చింది. 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టినందుకు అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డికి విక్టోరియా రాణి బంగారు పతకం ఇచ్చింది. ఆ కరువు నాటికీ తల గుమ్మానికే ఉంది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను హిందూదేశపు చక్రవర్తినిగా చాటారు. అప్పుడు కర్నూలు జిల్లా ధాత కరువులో మాడిపోతోంది. ఒకే ఊరికి ఒకే రాణి కాలంలో ఒక పతకం, ఒక వేలాడే తల! ఇంతకన్నా విక్టోరియన్ సంగతి లండన్‌లో మాత్రం ఏం దొరుకుతుంది?

అయితే సరుకు దొరికినంత మాత్రాన కథ కాదు. పుర్రె కళ్లు తెరిచింది, నెత్తురు కారింది అని రాస్తే పదో తరగతి పిల్లవాడు నవ్వి అవతల పారేస్తాడు. ఆ కాలపు మంచి రచయితలు చేసింది దీనికి పూర్తిగా ఎదురు. ఎలిజబెత్ గాస్కెల్ 1852లో రాసిన ముసలి ఆయా కథ చూడండి. పెద్ద భవంతిలో రాత్రిళ్లు ఆర్గన్ వాద్యం మోగుతుంటుంది. ఆయా ఒక పగలు ధైర్యం చేసి దాన్ని తెరిచి చూస్తుంది. పైకి దర్జాగా కనిపించే వాద్యం లోపలంతా విరిగి తుక్కుగా ఉంటుంది. అంతే, అక్కడ ఇక వివరణ లేదు. ఇంకోచోట పసిపిల్ల రోజమండ్ తనను ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లిందంటుంది. మంచులో చూస్తే ఒక్క జత అడుగులే కనిపిస్తాయి. ఈ రెండు చోట్లా రచయిత్రి మనకు చూపించింది దయ్యాన్ని కాదు, లెక్క కుదరని రెండు ఆనవాళ్లను. మిగతా పని చదివేవాడి బుర్ర చేసుకుంటుంది.

డికెన్స్ ఇంకా పొదుపరి. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర పట్టాలు తప్పిన రైల్లో ఆయన ఉన్నాడు, గాయపడ్డవాళ్లకు సాయం చేశాడు. మరుసటేడు క్రిస్మస్‌కు సిగ్నల్‌మన్ కథ రాశాడు. అందులో ఆకారం ఒక చేత్తో ముఖం కప్పుకుంటుంది, రెండో చేత్తో దారి తప్పుకోమన్నట్టు ఊపుతుంది. సొరంగం మొగలో ఎర్రదీపం. కథ చెప్పే పెద్దమనిషికి దయ్యం కనిపించదు, గంట మోగడమూ వినిపించదు. సిగ్నల్‌మన్‌కే కనిపిస్తుంది. అతనేమో పిచ్చివాడు కాదు, డ్యూటీలో నిమిషం తేడా రానివ్వని మనిషి. నమ్మదగ్గ సాక్షిని పెట్టి నమ్మలేని సంగతి చెప్పించడమే ఇక్కడి నేర్పు. ఆ రోజుల్లో రైలు కొత్త యంత్రం, పాత కోట కాదు. కాబట్టి నంద్యాల–ఎర్రగుంట్ల లైను మీదున్న సంజామల స్టేషను ఇలాంటి కథకు పనికిరాదని ఎవరూ అనలేరు.

మనకు బేతాళుడు ఉండగా ఈ అరువు ఎందుకని అడగవచ్చు. ఉన్నాడు, సంతోషమే. పదకొండో శతాబ్దపు కథాసరిత్సాగరం నుంచి నడుచుకుంటూ వచ్చి చందమామలో దశాబ్దాల పాటు విక్రమార్కుడి భుజమెక్కాడు. 1870లో రిచర్డ్ బర్టన్ ఆ కథల్నే తనకు తోచినట్టు మార్చి ఇంగ్లీషువాళ్లకు చెప్పాడు కూడా. అరువులు రెండు వైపులా ఉన్నాయి. కానీ బేతాళ కథ చేసే పని వేరు. శవం భుజం మీదున్నా చదివే పిల్లలకు భయం వెయ్యదు, ఎందుకంటే చివరికి ప్రశ్న వస్తుందని, రాజు జవాబు చెబుతాడని, శవం చెట్టెక్కుతుందని ముందే తెలుసు. అది తర్కానికి సాన. విక్టోరియా కాలపు కథలో రాజు లేడు, జవాబు చెప్పేవాడు లేడు. పన్నెండు నిండిన పిల్లలు సగం నమ్ముతారు, సగం నమ్మరు. పెద్దవాళ్ల మాటలన్నీ నిజం కావని అప్పుడప్పుడే పసిగడుతుంటారు. జవాబు దొరకని కథ వాళ్లకు సరిగ్గా ఆ వయసులోనే కావాలి.

మూఢనమ్మకం పెరుగుతుందన్నది గట్టి అభ్యంతరం, తేలిగ్గా తీసిపారేసేది కాదు. చేతబడి, బాణామతి అంటూ మనుషుల్ని పట్టి కొట్టిన, చంపిన ఉదంతాలు తెలుగునేల మీద ఉన్నాయి. యండమూరి నవల తులసిదళం మీద రంగనాయకమ్మ అంత తీవ్రంగా విరుచుకుపడటానికి కారణం లేకపోలేదు. అయితే ఆమె కోపానికి గురైన తరహా నవల్లో మంత్రం పనిచేస్తుంది, మంత్రగాడు ఉంటాడు. అంటే వేలు చూపించడానికి ఒక మనిషి దొరుకుతాడు. నిజజీవితంలో ఆ వేలు ఎప్పుడూ బలహీనుల వైపే తిరుగుతుంది. గాస్కెల్ కథలో దోషి ఎవరు? కన్నకూతుర్నీ మనవరాల్నీ మంచులోకి గెంటిన ఇంటి యజమాని. అక్కడ నేరం పైవాడి మెడకు చుట్టుకుంటుంది. తాయెత్తు కట్టి వదిలించుకోవడానికి వీల్లేదు. ఇక చందమామలో బేతాళ కథల్ని ఏళ్ల తరబడి నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది. పిల్లలకు శవం మాట్లాడే కథ చెబితే వాళ్లు మూఢులైపోతారని ఆయన అనుకోలేదు.

ఇంకొక అభ్యంతరం రేనాటివాళ్లే చెప్పాలి, చెబుతారు కూడా: మా దొరను దయ్యాన్ని చేస్తారా? చెయ్యకూడదు. చేస్తే అది మర్యాద తప్పడమే కాదు, కథగానూ చెడుతుంది. ఆ గుమ్మం పీడించవలసింది చచ్చినవాణ్ని కాదు, బతికుండి దానికింద నడిచినవాళ్లను. రోజూ పొద్దుగూకాక తలుపులు మూసే కావలివాణ్ని ఊహించండి. శిస్తు కట్టడానికి వచ్చి తలెత్తకుండా పోయే రైతును ఊహించండి. కచేరీలో అన్నిటికీ పద్దు రాసే గుమాస్తా ఆ తల సంగతి ఏ కాగితం మీద రాసి ఉంటాడు? నరసింహారెడ్డి కథలో ఒక్కసారి కూడా కనిపించక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు.

కథ చెప్పేది ఎవరన్నదాన్ని బట్టి మిగతాదంతా తేలుతుంది. గాస్కెల్ ఆయా తన చిన్నప్పటి సంగతిని, అప్పటి పసిపిల్లకు పుట్టిన పిల్లలకు చెబుతుంది. ఇక్కడ 1847లో తండ్రి వేలు పట్టుకుని ఆ గుమ్మం దాటిన అమ్మాయి, 1877 కరువులో తన పిల్లలతో గంజికేంద్రానికి పోతూ చెప్పవచ్చు. ఆకలితో ఉన్న పిల్లలకు కథ సాగదీసి చెప్పే ఓపిక ఆమెకు ఉండదు కాబట్టి వర్ణనలు వాటంతట అవే తగ్గుతాయి. నల్లరేగడి నెర్రెలు, నాపరాళ్ల గోడ, మేత లేక పడిపోయిన ఎద్దు, ఇవి చాలు. పైకి చూడొద్దని ఆమె పిల్లలకు చెప్పాలి. చూస్తే ఏమవుతుందో మాత్రం చెప్పకూడదు. పది పన్నెండు పేజీలకు మించితే పట్టు సడలుతుంది.