కొత్త బాండ్, పాత భార్య

ఒకసారి నా సీరియల్ నడుస్తుండగా మధ్యలో చిత్రకారుడు మారారు. అంతవరకూ కోలముఖంతో, వెనక్కి దువ్విన జుట్టుతో కనిపించిన నా కథానాయకుడికి ఆ వారం హఠాత్తుగా బుగ్గలూ మీసమూ వచ్చేశాయి. "మా హీరోని ఏం చేశారండీ?" అంటూ ఉత్తరాలే ఉత్తరాలు! కథా అదే, మాటలూ నావే. అయినా ఒక్కరూ ఒప్పుకోలేదు.

జేమ్స్ బాండ్ చిత్రాలు చూసినప్పుడల్లా నాకు ఆ ఉత్తరాలే గుర్తొస్తాయి. 1962 నుంచి వరసగా అయిదు చిత్రాల్లో షాన్ కానరీయే బాండ్. ఆయన తప్పుకున్నాక, 1969లో 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'లో ఆ వేషం జార్జ్ లేజెన్‌బీకి దక్కింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మోడల్. చాక్లెట్ ప్రకటనలో కనిపించినవాడే తప్ప నటుడిగా పేరున్నవాడు కాదు.

చెప్పొద్దూ, చాలాసేపు అతను నాకు నచ్చలేదు. సూటు నప్పింది, నడక బావుంది. నోరు విప్పితే మాత్రం పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది. మధ్యలో మారువేషం వేసినప్పుడైతే గొంతు కూడా అతనిది కాదు, జార్జ్ బేకర్‌ది! పక్కనేమో డయానా రిగ్. ఆవిడ కనుబొమ కదిపితే చాలు, ఇతను వెలవెలబోతాడు.

కానీ కానరీకి దొరకనిది కథ ఇతనికిచ్చింది. మనసిచ్చి పెళ్ళాడిన భార్య. పెళ్ళయిన రోజే, ఇద్దరూ కార్లో వెళుతుంటే దారిలో ఆమెను కాల్చేస్తారు. ఆగిన పోలీసుతో, ఆమె కాస్త విశ్రాంతి తీసుకుంటోందని చెబుతాడు బాండ్. అంతే. కానరీ అయితే ఆ కళ్ళల్లో అప్పుడే పగ కనిపించేదేమో! ఇతనికి ఏం చెయ్యాలో తెలీదు. ఆ తెలియకపోవడమే నన్ను ఏడిపించింది. దర్శకుడు పీటర్ హంట్ కథని అక్కడే ఆపేశాడు. పగా లేదు, ఓదార్పూ లేదు.

లేజెన్‌బీ ఆ ఒక్క చిత్రంతోనే సెలవు పుచ్చుకున్నాడు. 1971లో కానరీ తిరిగొచ్చాడు. హంతకుడి కోసం ఊళ్ళు గాలిస్తాడు గానీ, సినిమా మొత్తంలో ఆ ఇల్లాలి పేరు ఒక్కసారి ఎత్తితే ఒట్టు! నాకు ఒళ్ళు మండిపోయింది. పాత ముఖాన్ని చూసి హాలంతా సంబరపడింది సరే, పోయిన పిల్ల మాటేమిటి?

తర్వాత రోజర్ మూర్ వచ్చాడు. నవ్వితే చొక్కా నలగనివాడు. అతన్నీ నేను నాలుగు సినిమాల దాకా నమ్మలేదు. 1981లో వచ్చిన 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' మొదట్లోనే అతను పూలు పట్టుకుని సమాధి దగ్గరికి వెళతాడు. ఆ రాతి మీద ఆవిడ పేరు, జేమ్స్ బాండ్ భార్య అని.

ఇంట్లో ఆ సినిమా చూస్తూ మావారు, "తాళి కట్టింది ఆయనా, పూలు తెచ్చింది ఈయనానా?" అని నవ్వారు.

నేను నవ్వలేదు. రాతి మీద ఆవిడ పోయిన సంవత్సరం 1969 అని సరిగ్గానే చెక్కారు. మూర్ నాకు బాండ్ అయింది ఆ నిమిషంలోనే.