అడుగుల లెక్కలో తప్పటడుగులు

మీ మణికట్టుకు అడుగులు లెక్కించే పట్టీ ఉంటే ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. చేతులు ఊపుతూ, నోటితో లెక్కపెట్టుకుంటూ సరిగ్గా 100 అడుగులు నడవండి. పట్టీ చూపే అంకె దాదాపు సరిపోతుంది. ఇప్పుడు మన పెద్దవాళ్ళు సాయంత్రంపూట పచార్లు చేసినట్టు చేతులు వెనక్కి కట్టుకుని, నెమ్మదిగా మరో 100 అడుగులు వేయండి. అంకె బాగా తగ్గిపోవచ్చు. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని భజనలో తాళం వేసినట్టు కాసేపు చేతులాడించండి. కూర్చున్నచోటనే కొన్ని అడుగులు మీ ఖాతాలో పడినా ఆశ్చర్యపోకండి.

ఎందుకిలా? ఈ పట్టీ మీ పాదాలను చూడదు. దానిలో ఉండేది త్వరణాన్ని కొలిచే ఒక సిలికాన్ చిప్పు. ఆ చిప్పులో స్ప్రింగులవంటి సన్నని కమ్మీలకు వేలాడే సూక్ష్మమైన దిమ్మె ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడు ఆ దిమ్మె రవ్వంత జరుగుతుంది. ఆ జరుగుబాటును చిప్పు విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. మామూలు నడకలో సెకనుకు సుమారు 2 అడుగులు పడతాయి. అదే లయలో, తగినంత బలమైన కుదుపులు వరసగా వస్తే పరికరంలోని ప్రోగ్రాం వాటిని అడుగులని తీర్మానిస్తుంది. అంటే ఇది లెక్క కాదు, అంచనా.

ఎంత కుదుపును అడుగుగా తీసుకోవాలన్నదే అసలు చిక్కు. హద్దు తగ్గిస్తే తాళాలు, గరిటె తిప్పడాలు, గతుకుల రోడ్డు మీద స్కూటరు ప్రయాణం కూడా నడకలో చేరిపోతాయి. పెంచితే మెల్లగా నడిచేవారి అడుగులు జారిపోతాయి. పైగా చాలా పరికరాలు కొన్ని అడుగులు ఆగకుండా పడితేగాని లెక్క మొదలుపెట్టవు. వంటింట్లో పొయ్యికీ అలమారుకీ మధ్య రోజంతా తిరిగే ఇల్లాలి నడక ఆ జల్లెడలో ఎంత మిగులుతుందో ఊహించండి!

ఇది తయారీదారుల తెలివితక్కువతనమేమీ కాదు. మణికట్టు మీద కట్టే ఏ పరికరానికైనా ఈ ఇబ్బంది తప్పదు. నా అభ్యంతరం వేరు. అంచనాను అంచనాగా చెప్పకుండా 8,437 అని ఒకట్ల స్థానం దాకా చూపడమెందుకు? జపానులో పెడోమీటర్లకు పారిశ్రామిక ప్రమాణం ఉంది: 100 అడుగులకు 3కు మించి తప్పు రాకూడదు. మన బజారులో కొనే పట్టీ పెట్టె మీద నీటిలో ఎంత లోతుదాకా పనిచేస్తుందో రాసి ఉంటుంది. ఏ వేగంలో, ఎటువంటి నడకలో ఎంత తప్పుతుందో మాత్రం సాధారణంగా కనిపించదు.

ఇది వేడుకతో పోయే విషయమైతే ఇంత రాయనక్కరలేదు. అడుగుల లెక్కను చూసి ప్రీమియంలో రాయితీ ఇచ్చే ఆరోగ్య బీమా పథకాలు వచ్చాయి. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు, పార్కిన్సన్ రోగులు, చేతికర్రతో నడిచే వృద్ధులు రోజూ ఈ అంకెను చూసుకుంటున్నారు. ఎవరికి ప్రతి అడుగూ విలువైనదో వారి అడుగులనే యంత్రం ఎక్కువగా వదిలేస్తున్నది.

ఇక 10,000 అడుగుల లక్ష్యం సంగతి. అది 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ‘మాన్పో-కెయ్’ అనే పెడోమీటరు పేరునుంచి పుట్టింది. ఆ మాటకు ‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థం. 2019లో అమెరికాలో వృద్ధ మహిళలపై వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచినవారికంటే 4,400 నడిచినవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. అయితే అక్కడ పరికరాన్ని కట్టింది నడుముకు, మణికట్టుకు కాదు. ఆ అంకెను మీ పట్టీ అంకెతో నేరుగా పోల్చడం పొరపాటు.

మీ ఇంట్లో పెద్దవారి పట్టీ మరీ తక్కువ అంకె చూపుతుంటే వారిని కోప్పడకండి. వారి మామూలు నడకతోనే ఆ 100 అడుగుల పరీక్ష చేయించండి. 60 అని చూపిందా? పట్టీని చీలమండ పైన కట్టి మళ్ళీ నడిపించి చూడండి.