ఒకేలా పది బొమ్మలు

చిన్న బొమ్మకు రంగు వేయడం వచ్చినవాళ్ళు మన ధర్మాబాద్ వైపు చాలామందే ఉన్నారు. గుప్పిట్లో ఇమిడే వినాయకుడికి తొండం మీది గీతలు దిద్దేవాళ్ళు, అంగుళం ఎత్తు చెక్క ఏనుగుకు అంబారీ అంచు కూడా వదలకుండా గీసేవాళ్ళు. వాళ్ళలో ఆ పనికి డబ్బు అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా రంగు డబ్బాల ఖర్చు అడుగుతారు, చేతి కూలి అడగరు. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న సంగతి. ధర్మాబాద్‌కు అంత దూరమేం కాదు, గోదావరికి ఇదే ఒడ్డున, ఈ పనినే నమ్ముకుని తరతరాలుగా ఇళ్ళు నడుపుకున్న నిర్మల్ ఉంది మరి.

1956 నవంబరు 1 దాకా ధర్మాబాద్, బాసర, నిర్మల్ మూడూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. బాసర ఉన్న ముథోల్ తాలూకా అప్పట్లో నాందేడ్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాలు విడిపోయాక మనం మరాఠ్వాడాతో ఉండిపోయాం, నిర్మల్ తెలుగు రాష్ట్రంలోకి వెళ్ళింది. మిర్చి బేరాలకు, పెళ్ళి సంబంధాలకు ఆ సరిహద్దు అడ్డు రాలేదు. బొమ్మల పనికి మాత్రం వచ్చింది. రంగుల మీద ఇష్టమున్న పిల్లలు ఫోన్‌లో ఇంగ్లండు వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. నాటింగ్‌హామ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1983లో వార్‌హ్యామర్ అనే ఆట తెచ్చింది. అందులోని సైనికులు రెండు వేళ్ళతో పట్టుకునేంతే ఉంటారు, రంగు లేకుండానే అమ్ముడవుతారు. ఓపిక లేని ఆటగాళ్ళు డబ్బిచ్చి వేరేవాళ్ళ చేత రంగులు వేయించుకుంటారు. చాలా దేశాల్లో అదొక జీవనోపాధి అయింది. మంచి విద్యే, నేర్చుకోవలసిందే. కానీ ఆ ఉపాధి సూత్రాలన్నీ నిర్మల్ బొమ్మలు చేసే నకాషీలకు ఎప్పుడో తెలుసు.

నిర్మల్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. నిజాం ఆ ఊరికి వచ్చి ఆసనం మీద కూర్చోగానే పైన వేలాడుతున్న అరటిపువ్వు విచ్చుకుని, ఆయన మీద బంగారు రేకులు రాలాయట. నకాషీల చేతి పని అది. జరిగిందో లేదో గానీ, ఆ కథ నాకు నచ్చేది అందులో ఒక ఆర్డరు ఉన్నందుకు. ఫలానా రోజుకు, ఫలానా అతిథి కోసం, ఇలాంటిది కావాలి అన్నారు. చేశారు. రేకులు ఒక్క క్షణం ముందు రాలినా, ఒక్క క్షణం ఆలస్యమైనా పని చెడేది. ఆ తర్వాతి కాలంలో, నిజాం ప్రధాని సర్ అక్బర్ హైదరీ భార్య లేడీ హైదరీ నకాషీలను హైదరాబాదుకు రప్పించి, వాళ్ళ పనికి పట్నం గిరాకీ తెచ్చిపెట్టారు. 1955లో నిర్మల్‌లోనే బొమ్మల కళాకారుల సహకార సంఘం ఏర్పడింది. రాజు పోయాక కొనేవాడు మారాడు, ఆర్డరు ఆగలేదు.

ఇక పని తీరు. నిర్మల్ బొమ్మకు పొనికి చెక్క కావాలి. తేలిక, మెత్తన, ఉలికి లొంగుతుంది, తొందరగా చీలదు. అడవిలో ఆ చెట్టు తగ్గిపోవడమే ఇవాళ ఈ వృత్తికి ఉన్న పెద్ద కష్టం. చెక్క బాగా ఆరాలి. కొండపల్లిలోనైతే సన్నటి సెగ మీద పెట్టి తడి లాగేస్తారు. ఒళ్ళు, చేతులు, తోక విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆ ముద్దే కీళ్ళ దగ్గర సందులు పూడుస్తుంది, మెడ వంపు, చెంప నునుపు తెస్తుంది. దాని మీద సుద్ద పూత, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం, మళ్ళీ పూత, మళ్ళీ రుద్దడం. రంగు పెట్టె మూత తీసేసరికి పనిలో సగానికి పైగా అయిపోయి ఉంటుంది. సరదాగా వేసేవాళ్ళు తొందరపడేది ఇక్కడే. కొన్న బొమ్మ మీద నేరుగా రంగు వేసేస్తారు. మొదటి వారం మెరుస్తుంది, ఆర్నెల్లకు పెచ్చులూడుతుంది. తన ఇంట్లోదైతే ఊరుకుంటారు. డబ్బిచ్చినవాళ్ళు ఊరుకోరు, ఊరుకోనవసరమూ లేదు.

నిర్మల్ మెరుపు వెనక ఒక కార్ల రంగు కథ కూడా ఉంది. పూర్వం మూలికల నుంచి, ఖనిజాల నుంచి చేసుకున్న రంగులు వాడేవాళ్ళు. తర్వాత డ్యూకో వచ్చింది. 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తయారు చేసిన లాకర్ రంగు అది. అంతకుముందు కారుకు వేసిన వార్నిషు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. డ్యూకో గంటల్లో ఆరిపోయేది. కార్ల ఫ్యాక్టరీకి ఎందుకు నచ్చిందో నకాషీకి కూడా అందుకే నచ్చింది. నల్లటి నేల మీద బంగారు వన్నెలో వీణ పట్టుకున్న స్త్రీలు, అజంతా భంగిమలు, మొగలు పూల తీగలు, ఇలా నిర్మల్ చిత్రం అనగానే మనకు తోచే రూపం ఈ రంగుతోనే ఇంటింటి గోడకూ చేరింది. పొర మీద పొర వేసే పనిలో ఆరే సమయమే అసలు పెట్టుబడి. అందుకే నకాషీ ఒక్క బొమ్మ పట్టుకుని కూర్చోడు. పది ఏనుగులు వరసగా పెట్టి పదింటికీ బూడిద రంగు వేస్తాడు. పదోది పూర్తయ్యేసరికి మొదటిది ఆరి ఉంటుంది. అప్పుడు పదింటికీ జూలు గుడ్డలు, తర్వాత పదింటికీ నగలు. సన్నని కుంచె చివరికి మిగులుతుంది. కళ్ళు అన్నిటికన్నా ఆఖరున.

నా ఉద్దేశంలో ఇష్టానికీ వృత్తికీ మధ్య ఉన్న తేడా అంతా ఈ వరసలోనే ఉంది. ఒక అందమైన బొమ్మ చేయడం ప్రతిభ. అదే బొమ్మను పదిసార్లు, పదో దానిలోనూ మొదటిదాని కళ తగ్గకుండా చేయగలగడం పనితనం. వీణ పట్టుకున్న సరస్వతిని ఒకరు అడుగుతారు. అది చూసి ఆమె ఆడపడుచు, అచ్చం అదే చీర రంగు, అదే ముఖం కావాలంటుంది. అప్పుడు మొదట ఏ పసుపులో ఎంత ఎరుపు కలిపారో మీకు గుర్తుండాలి. గుర్తుండదు కాబట్టి రాసుకోవాలి. ప్రతి ఆర్డరుకూ ఒక అట్టముక్క మీద రంగు చుక్కలు పెట్టి, పక్కన కలిపిన పాళ్ళు రాసి దాచుకోండి.

గుడ్డ మీద కథల పటాలు రాసే చేర్యాల నకాషీల పద్ధతి ఇంకో రకంగా నేర్పుతుంది. వాళ్ళ పటం ఎవరో ఒక కథకుడి కోసమే పుట్టేది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు వచ్చి, తమ కథకు ఏ ఘట్టాలు కావాలో చెప్పి పటం రాయించుకునేవాళ్ళు. ఇక్కడి నుంచి షోలాపూర్ దాకా స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించడం, ఎర్రటి నేల మీద బొమ్మలు రాయడం నకాషీ విద్య. ఏ దేవుడు ఏ వరసలో రావాలో నిర్ణయించేది కథకుడు. నకాషీ తన కల్పన చూపించేది ఆ హద్దుల లోపలే, చెట్టు ఆకుల్లో, గుర్రం నడకలో, అంచు పూలలో. ఇంకొకరి కథకు మన కుంచె ఇవ్వడమే ఆర్డరు పని. ఇది చిన్నతనం అనుకునేవాళ్ళు ఇష్టం కోసమే వేసుకోవడం మంచిది, అందులోనూ గౌరవముంది.

వెల దగ్గరే మనవాళ్ళు తడబడతారు. దీనికి ఒక కొలత చెప్తాను. మీ ఊళ్ళో తాపీ మేస్త్రీకి ఇవాళ రోజు కూలి ఎంతో అడగండి. దాన్ని 8తో భాగిస్తే గంట కూలి వస్తుంది. మీ బొమ్మకు రుద్దడం నుంచి ఆఖరి వార్నిషు దాకా చేయి ఆడించిన గంటలు లెక్క పెట్టండి. 6 గంటలైతే 6 గంటల కూలి, దానిపై రంగు, బొమ్మ, డబ్బా ఖర్చు. అంతకన్నా తక్కువ అడిగితే మేస్త్రీ చేతి కన్నా మీ చేతిని తక్కువ చేసినట్టు. పైగా ఇది మీ ఒక్కరి సంగతి కాదు. జీతమో కొట్టో ఉన్నవాళ్ళు సరదాకు వేసి చవగ్గా ఇచ్చేస్తే, అదే పని మీద పొయ్యి వెలిగించుకునే నకాషీ అడిగే ధర జనానికి ఎక్కువగా కనిపిస్తుంది. తెలిసినవాళ్ళయినా సరే, సగం బయానా తీసుకుని మొదలుపెట్టండి. బొమ్మ ఎత్తు, రంగులు, ఇచ్చే తేదీ కాగితం మీద రాసి వాళ్ళకు చూపించండి. సుద్ద పూత అయ్యాక ఒక ఫొటో, ముఖం దిద్దక ముందు ఒక ఫొటో పంపండి. మార్పులు అప్పుడే అడగాలని ముందే చెప్పండి.

షోకేసు బొమ్మ వేరు, పిల్లలు ఆడుకునే బొమ్మ వేరు. 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న బొమ్మల అధీకృత తయారీదారులకు మినహాయింపు ఇచ్చారు. అందువల్ల ఆట బొమ్మలు అమ్మదలచినవాళ్ళు ముందు ఆ కళాకారుల గుర్తింపు కార్డు కోసం దరఖాస్తు చేసుకోవాలి. రంగు విషయంలో రాజీ వద్దు. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90కి మించకూడదని 2016 నిబంధనలు చెప్తున్నాయి. డబ్బా మీద ఆ మాట చూసి కొనండి. పసిపిల్లలు బొమ్మను మొదట పెట్టేది నోట్లోనే.

ధర్మాబాద్‌లో ఆర్డర్లు ఎక్కడివి అంటారేమో. మన వాకిట్లోనే ఉన్నాయి. మరాఠ్వాడా ఇళ్ళలో భాద్రపదంలో మూడు రోజులు మహాలక్ష్ములు కొలువుంటారు. ఏళ్ళ తరబడి దాచుకున్న ఆ అమ్మవార్ల ముఖవటాలకు రంగు వెలిసిపోతుంది, కనుబొమ్మ చెరిగిపోతుంది. అమ్మవారి ముఖం మార్చడం ఇష్టంలేక, పాతదాన్నే పాతదానిలా దిద్దించుకోవాలని చూసే ఇల్లాళ్ళు ఎంతోమంది. కళ్ళు దిద్దే ఆ పనిని మరాఠీలో ఆఖణీ అంటారు. అది చేయగల చేతికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. అమ్మవార్ల ముందు పరిచే ఆరాసలోకి చిన్న చిన్న బండ్లు, ఆవులు, వాయిద్యాలు పట్టిన బొమ్మలు కావాలి. బాసరలో అక్షరాభ్యాసానికి వెళ్ళే కుటుంబాలకు పిల్లవాడి పేరు రాసిన అరచేయంత సరస్వతిని ఇవ్వొచ్చు.

మహాలక్ష్ముల పని తీసుకునేవాళ్ళు మాత్రం వానను లెక్కలో వేసుకోవాలి. తేమ గాలిలో లాకర్ రంగు వేస్తే, ఆరేటప్పుడు గాలిలోని నీరు పూత మీద చేరి తెల్లటి మసక పడుతుంది. నల్లటి కురుల మీద అది బూజులా కనిపిస్తుంది. అందుకని ముఖవటాలు వైశాఖంలోనే అడిగి తెచ్చుకోండి. పాత రంగు గీకడం, లప్పం పెట్టడం, సుద్ద పూతలు, ముఖం రంగు ఎండలుండగానే ముగించండి. శ్రావణానికి కళ్ళు, బొట్టు, ముక్కుపుడక మిగలాలి. అవి నీళ్ళ రంగుతో, తెరిపి ఇచ్చిన పగటి పూట, కిటికీ దగ్గర కూర్చుని చేసుకోవచ్చు.