కర్ర ఆరే కాలం

కర్ణాటకలోని పావగడ తాలూకా తిరుమణి ఎండకు పేరుపడిన ఊరు. ఈ ఊరి నేల మీదా, చుట్టుపక్కల మరో నాలుగు గ్రామాల నేల మీదా కలిపి 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చిందంటే, ఇక్కడి ఎండ కూడా ఒక కారణమే. ఇంత పొడి గాలిలోకి తేమ ప్రాంతం నుంచి తెచ్చిన దుంగ పగలకుండా నిలవడం కష్టం. లేత్ మీద గిన్నెలు, భరిణెలు, బొమ్మలు తిప్పాలని సరదాపడి కోసిన ముక్కలు కొనుక్కునేవాళ్లు ఈమధ్య పెరిగారు. తెచ్చిన కొన్ని వారాలకే ముక్క చివర సన్నటి నెర్రె కనబడుతుంది. నెల తిరిగేసరికి అది గోరు దూరేంత పగులవుతుంది. అమ్మినవాడిని తిట్టుకునే ముందు కర్ర ఎలా ఆరుతుందో తెలుసుకోవాలి.

పచ్చి కర్ర సన్నటి గొట్టాల కట్టలాంటిది. ముందు గొట్టాల లోపలి నీళ్లు పోతాయి. అప్పుడు బరువు తగ్గుతుందే తప్ప కొలత మారదు. తేమ 28-30 శాతానికి దిగాక గొట్టాల గోడలు ఆరడం మొదలవుతుంది. కుంచించుకుపోవడం అక్కడే మొదలు. చిక్కేమిటంటే కర్ర అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. నిలువునా దాదాపు ఏమీ తగ్గదు. నడిమి నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది. వలయాల వెంబడి చుట్టూ మాత్రం దానికి రెట్టింపు తగ్గుతుంది. చుట్టూ 6 శాతం, నడిమి నుంచి బెరడు వైపు 3 శాతం తగ్గే కర్రను తీసుకుందాం. ఆరు అంగుళాల గుండ్రటి దుంగ చుట్టుకొలత సుమారు 19 అంగుళాలు. తేడా 3 శాతమంటే అర అంగుళం పైమాట. నడుమ దవ్వ ఉన్న నిండు దుంగకు ఆ అర అంగుళాన్ని ఎక్కడో ఒకచోట పగులుగా చూపించక తప్పదు. పైగా కోసిన చివరల నుంచి నీరు పక్కల కంటే పది రెట్లకు పైగా వేగంగా పోతుంది. పగులు చివరల్లోనే ముందు కనబడడానికి కారణం అదే.

ఆరిన కర్ర కూడా చోటు మారితే మళ్లీ కదులుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉండే సముద్రతీరంలో కర్రలో 16 శాతం దగ్గర నీరు నిలుస్తుంది. తేమ 30 శాతానికి పడిపోయే తిరుమణి వేసవిలో అది 6 శాతం దాకా దిగుతుంది. కోస్తాలో బాగా ఆరిన ముక్క ఇక్కడికి వచ్చి పగలడంలో వింత లేదు.

ఈ సంగతులన్నీ లెక్కలతో పనిలేకుండా చేతికి తెలిసినవాళ్లు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో ఉన్నారు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్లు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. కర్ణాటకలో చన్నపట్న బొమ్మలకు వాడే ఆలె మర కూడా ఇదే చెట్టు. ఇన్ని వందల మైళ్ల దూరంలో ఉన్న రెండు ఊళ్లు ఒకే చెట్టును పట్టుకోవడం ఊరికే జరగలేదు. ఉలికి లొంగడం, ఆరేటప్పుడు పెద్దగా మొరాయించకపోవడం, లక్కను బాగా పట్టడం, ఈ మూడూ ఒకే కర్రలో దొరకడం అరుదు. ఆ ఎంపికే ఈ కళలో సగమని నా నమ్మకం.

అంకుడైనా కొట్టగానే లేత్ ఎక్కించరు. బెరడు తీసి, నీడన, గాలి ఆడేలా పెట్టి ఆరనిస్తారు. వాడేవి ఎక్కువగా సన్నటి కొమ్మలే కనుక లోపలి తేమ త్వరగా బయటపడుతుంది. భరిణెలూ లక్కపిడతలూ చేసేటప్పుడు నడుమ తొలిచేస్తారు. దాంతో దవ్వ పోతుంది, పగులు పుట్టే చోటే పోతుంది. తర్వాత తిరుగుతున్న కర్రకు రంగు లక్కను ఒత్తితే రాపిడి వేడికి అది కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. ఆ లక్క పొర రంగు కోసమే కాదు, గాలిలోని తేమ రాకపోకలను కూడా నెమ్మదింపజేస్తుంది. అయితే తడి మిగిలిన కర్ర మీద ఎంత మంచి లక్క వేసినా బొమ్మ నిలవదు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి సహజ రంగులను ఈ పనిలో మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. రంగుల గురించి అందరూ రాశారు. ఆరబెట్టే ఓపిక గురించి రాసినవాళ్లు తక్కువ.

లావు దుంగలకు వేరే ఉపాయాలున్నాయి. చివరలకు పేడ, బంకమట్టి కలిపి మెత్తడం మన పల్లెల పద్ధతి. ఇప్పుడు మైనం పూస్తున్నారు. రెండూ చేసేది ఒకటే, చివరల నుంచి నీరు పరుగెత్తకుండా ఆపడం. దుంగను దవ్వ మీదుగా రెండుగా చీలిస్తే ఒత్తిడి చాలావరకు తీరిపోతుంది. జపాన్‌లో యమనకా పనివాళ్లు గిన్నెను పచ్చిగా ఉండగానే మందంగా తిప్పి, పొగలో ఆరబెట్టి, కొంతకాలం విశ్రాంతినిచ్చి అసలు రూపానికి మళ్లీ తిప్పుతారు. వంకర పోయేదేదో ముందే పోతుంది.

అంకుడు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. అలాంటప్పుడు నెలల తరబడి ఆరబెట్టిన కర్ర ఒక్కటి పగిలినా నష్టం చిన్నది కాదు. ఏటికొప్పాక బొమ్మ ధర చూసి బేరమాడేవాళ్లు, ఆ ధరలో కర్ర ఊరికే కూర్చున్న నెలల కూలీ కూడా ఉందని గుర్తించాలి.

మీరే కర్ర కొంటుంటే చెట్టు ఎప్పుడు కొట్టారో, ఎక్కడ ఆరిందో అడగండి. ముక్కనిండా మైనం పూసి ఉంటే లోపల పచ్చిగా ఉందనే అనుకోండి. ఇంటికి తెచ్చాక ఎండకూ, ఫ్యాను గాలికీ దూరంగా నీడన పెట్టి, వారానికోసారి తూకం వేసి ముక్క మీదే రాయండి. వరసగా కొన్ని వారాలు తూకం మారకపోతేనే లేత్ ఎక్కించండి.