మాటతో చేసే శుశ్రూష

మానసిక వైద్య వార్డులో నర్సుకు మాటే ముఖ్యమైన పనిముట్టు. నర్సుకూ రోగికీ నడుమ ఏర్పడే సంబంధం చికిత్సలో భాగమేనని అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ 1952లో వెలువడిన తన పుస్తకంలో వివరించారు.

చూసేవారికి ఇది పనిలా కనిపించదు. నర్సు మంచం పక్కన, రోగి కళ్ల ఎత్తులో కూర్చుంటుంది. "ఏం కాదులెండి, అంతా సర్దుకుంటుంది" అనదు. ఆ మాట రోగి నోరు మూయిస్తుంది. "రాత్రి నిద్ర పట్టలేదన్నారు, అప్పుడు మనసులో ఏం మెదిలింది?" అని అడిగి ఆగుతుంది. ఆ ఆగడమే కష్టం. ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయని రోగి చెబితే వాదించదు, అలాగని ఔననదు. "నాకు వినిపించడం లేదు గానీ, మీకు భయంగా ఉందని తెలుస్తోంది" అంటుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికీ వెనుకాడదు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వదు. ప్రాణాపాయం ఉంటే వైద్యులకు చెప్పి తీరాలి.

ఇంత విన్న నర్సు మనసు అలసిపోతుంది. డ్యూటీ మారేటప్పుడు తోటి నర్సుతో పంచుకోవడం, సెలవును సెలవుగా వాడుకోవడం కొంత ఊరట. సిబ్బంది చాలని వార్డులో, ఒత్తిడి తగ్గాలని చెప్పే ప్రాణాయామం పాఠం ఒక్కటే ఏం సరిపోతుంది? రోగులే కాదు, నర్సులు కూడా 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ అనే ఈ ఉచిత మానసిక ఆరోగ్య సేవ తెలుగులోనూ 24 గంటలూ అందుతుంది.